మా ఆయన వాళ్ల నాయనమ్మ టీ సెట్టు: ఏ కాలంది?

డెర్బీ కోడలు:
అందరికీ నమస్కారం. పెళ్లయి ఈ దేశం వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. మా ఆయన ఇక్కడివాడే. వాళ్ల నాయనమ్మ పోయాక ఆవిడ టీ సెట్టు మాకిచ్చారు. ఆరు కప్పులు, సాసర్లు, చిన్న ప్లేట్లు, పాల జగ్గు, చక్కెర గిన్నె ఉన్నాయి. టీపాట్ లేదు. కప్పు గుండ్రంగా కాకుండా ఆరు రేకుల పువ్వులా ఉంటుంది. అడుగున ఆకుపచ్చ ముద్రలో ‘షెల్లీ, ఫైన్ బోన్ చైనా, ఇంగ్లండ్’ అని, దాని దగ్గరే ‘ఆర్‌డీ 272101’ అని ఉంది. ఇంట్లో అందరూ విక్టోరియా రాణి నాటిదంటున్నారు. నిజమేనా? వాడుకోవచ్చా?

ఈస్ట్‌హామ్ అన్నయ్య:
చెల్లెమ్మా, మీవాళ్లు చెప్పింది కరెక్టే. ఆర్‌డీ అంటే డిజైన్ రిజిస్ట్రేషన్ నంబరు. 1884లో ఒకటితో మొదలై 1900 వచ్చేసరికి మూడున్నర లక్షలు దాటింది. నీ నంబరు 1896లో పడుతుంది. రాణిగారు పోయింది 1901లో. లెక్క సరిపోయింది.

అది సరే, మీది అద్దె ఇల్లా? అయితే ఇది విను. మేం మొదట దిగిన ఇంట్లో సామాను కూడా ఓనరుదే. గాజు బీరువాలో ఒక టీ సెట్టు ఉండేది, మేం ముట్టుకోను కూడా లేదు. ఖాళీ చేసే రోజు ఆయన ఒక సాసరు తీసి, అంచున పెచ్చు లేచిందని చూపించి, ‘ఇది నూటయాభై ఏళ్ల ఆంటిక్, డిపాజిట్‌లో నాలుగు వందల పౌండ్లు పట్టుకుంటా’ అన్నాడు. మా ఆవిడ ఏమీ అనకుండా సాసరు తిరగేసింది. అడుగున ‘డిష్‌వాషర్ సేఫ్’ అని అచ్చేసి ఉంది! రాణిగారు గిన్నెలు అందులోనే తోమించేవారా అని అడిగాను. అయినా దిగిరాలేదు. ఏజెంటు కూడా ఆయన పాటే పాడాడు. చివరికి అద్దె డిపాజిట్లకి రక్షణగా ఉండే డిపాజిట్ స్కీమ్ వాళ్లకి ఆ ముద్ర ఫోటో, దిగిన రోజు తీసిన ఫోటోలు పంపితే డబ్బు మొత్తం వెనక్కి వచ్చింది. ఇంగ్లండ్‌లో డిపాజిట్ తీసుకున్న 30 రోజుల్లో ఓనరు దాన్ని స్కీమ్‌లో పెట్టాలి. పెట్టాడో లేదో ఇవాళే చూసుకో.

మాంచెస్టర్ పిన్ని:
అన్నయ్యగారూ, ఆ పిల్ల అద్దె సంగతి అడగలేదు. పైగా నంబరు చెప్పేది డిజైన్ వయసు, కప్పు వయసు కాదు. ఈ ఆకారం పేరు డెయింటీ. 1896లో రిజిస్టరు చేసినప్పుడు ఆ కంపెనీ వైల్‌మన్. షెల్లీ అనే పేరు ముద్రలోకి వచ్చిందే 1910లో. డెయింటీ బాగా అమ్ముడుపోవడంతో దశాబ్దాల తర్వాత కూడా అదే నంబరు వేస్తూ పోయారు. అమ్మాయీ, నువ్వు చూడాల్సింది ‘ఫైన్ బోన్ చైనా’ అన్న మాటలు. షెల్లీ ముద్రలో అవి 1945 తర్వాతే కనిపిస్తాయి. 1966లో కంపెనీ చేతులు మారింది. నీ సెట్టు ఆ మధ్యదే.

ఈస్ట్‌హామ్ అన్నయ్య:
‘ఇంగ్లండ్’ అని ఉంటే 1891 సరుకు అని ఇక్కడ సంతలో అందరూ చెప్తారు.

రెడింగ్ వాసి:
1891లో అని కాదు అన్నా, 1891 నుంచి అని. అది అమెరికా చట్టం వల్ల వచ్చింది. అక్కడికి వెళ్లే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్నారు. ఆ పేరు 1966లో చేసిన కప్పు మీదా ఉంటుంది. ముద్ర చూసి ఏడాది చెప్పడమంటే రాయల్ వూస్టర్ అనే ఇంకో పింగాణీ కంపెనీదే అందం. 1892లో ముద్ర పక్కన ఒక చుక్క పెట్టారు, ఏడాదికొకటి చొప్పున 1915కి ఇరవై నాలుగయ్యాయి. భూతద్దం పెట్టి లెక్కపెట్టుకోవడమే.

వాడుకోవడానికి భయం లేదు చెల్లీ, వేడి నీళ్లు పోసేముందు మాత్రం కప్పుని వెలుగుకి ఎత్తి చూడు. బోన్ చైనా అయితే వెనకున్న వేళ్లు నీడగా కనపడతాయి, వెంట్రుకంత బీట ఉన్నా బయటపడుతుంది. వేలితో కొడితే ఖంగుమనాలి. బంగారు అంచుంటే మైక్రోవేవ్‌లో నిప్పురవ్వలు లేస్తాయి. డిష్‌వాషర్ వద్దే వద్దు.

స్లౌ బామ్మ:
బోన్ చైనా అంటే ఏమిటో ఎవరూ చెప్పరేం? అందులో సుమారు సగం పశువుల ఎముకల బూడిద. మా ఇంట్లో గుమ్మం దాటనివ్వను.

ఈస్ట్‌హామ్ అన్నయ్య:
బామ్మగారూ, 1200 డిగ్రీలు దాటిన బట్టీలో కాలింది. ఇంకేం మిగులుతుంది?

స్లౌ బామ్మ:
నీ నాలిక నీ ఇష్టం నాయనా. నా స్టీలు గ్లాసు నాకుంది.

డెర్బీ కోడలు:
అన్నీ తిరగేసి చూశాను. ఐదు కప్పుల మీద ఒకటే ముద్ర. ఆరోదాని మీద ‘షెల్లీ, ఇంగ్లండ్’ అని మాత్రమే ఉంది, ‘ఫైన్ బోన్ చైనా’ లేదు. నాయనమ్మగారి పెళ్లి 1952లో అట. ఇది విక్టోరియా నాటిది కాదని అత్తగారికి ఎలా చెప్పను? టెన్షన్‌గా ఉంది.

మాంచెస్టర్ పిన్ని:
ఆ ఐదూ పెళ్లికి వచ్చినవై ఉండొచ్చు. ఆరోది యుద్ధానికి ముందుది, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో మీ అత్తగారిని అడుగు. విక్టోరియా సంగతి ఆవిడ ఎత్తితే అప్పుడు చూసుకోవచ్చు.