సమస్య: కట్టుటాపిన కతమున గట్టిపడెను

ఈ వారం సమస్యగా తేటగీతి పద్యపు చివరి పాదమిచ్చాను, మిగతా మూడు పాదాలు మీరు పూరించాలి. విషయం ఇటలీలోని ఒరిగిన పీసా గోపురం. పని ఆపితే కట్టడం పాడవుతుందంటాం కదా, ఇక్కడ ఆపడమే దాన్ని కాపాడింది. ఆ విరోధాన్ని విప్పండి.

మొదటి పూరణ

మూడవంతస్తు లేపగ మొదలు కుంగె,
పోరులం బడి నూరేళ్ళు పోయె నంత;
బురద మన్నెల్ల నీరింకి పొంది బలము
కట్టుటాపిన కతమున గట్టిపడెను.

సమీక్ష: యతులన్నీ, అంటే పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, కుదిరాయి. "మొదలు" అన్న మాట చాలా బాగుంది. ఆరంభం, అడుగు రెండూ వినిపిస్తున్నాయి. 1173లో మొదలైన పని 1178 ప్రాంతంలో ఆగింది, మళ్ళీ సాగింది 1272లో. అంటే నూరేళ్ళకు కాస్త తక్కువే, పద్యానికి ఆ మాత్రం చెల్లుతుంది. పునాది లోతు మూడు మీటర్లే, అడుగున మెత్తని బంకమట్టి. ఆగకుండా కట్టి ఉంటే కూలేదని బర్లాండ్ వంటి ఇంజినీర్లు లెక్కగట్టి చెప్పారు.

నాకు పట్టింపు ఒక్క మాట దగ్గరే. "నీరింకి" అంటే నీరు మట్టిలోకి పోవడం. అక్కడ జరిగింది తిరగబడ్డ పని. గోపురం బరువుకి మట్టిలో నీరు మెల్లగా బయటికి వచ్చేసింది. పెరుగు గుడ్డలో మూటకట్టి పైన రాయి పెడితే నీరు కారి, లోపల ముద్ద గట్టిపడుతుందే, అలా. "నీరోడి" (నీరు కారిపోయి) అంటే గణమూ, అంటే అక్షరాల లెక్కా చెడదు, అర్థమూ సరిపోతుంది.

పూరణకర్త: మా అమ్మ "ఈ కుండ ఓడుతోందే" అనేది గురువుగారూ. ఆ మాట నాకు తట్టనే లేదు! "నీరోడి" అని మార్చుకుంటున్నాను.

రెండవ పూరణ

నేల కాంక్రీటు నింపగ నిలువు తప్పె,
ఉత్తరపు మన్ను తవ్వంగ నొంపు తగ్గె;
తీసివేయుటె మందయ్యె దివ్యముగను
కట్టుటాపిన కతమున గట్టిపడెను.

సమీక్ష: అమ్మా, కొత్త దారి పట్టారు, సంతోషం. 1934లో ఇటలీ నియంత ముస్సోలినీ సరిచేయమంటే పునాదిలోకి కాంక్రీటు ఎక్కించారు, అది మరింత ఒరిగింది. 1990లో గోపురాన్ని సందర్శకులకు మూసేశాక, ఒరిగింది దక్షిణానికి కాబట్టి ఉత్తరం వైపు నేలలోంచి మట్టి కొంచెం కొంచెంగా తీసి అర డిగ్రీ వెనక్కి తెచ్చారు. 2001 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. రెండు పాదాల్లో ఇంత చెప్పడం తేలిక కాదు.

కానీ "దివ్యముగను" యతి కోసం వచ్చిన మాట. తీసేస్తే పద్యానికి నష్టం లేదు. అంతకన్నా పెద్ద చిక్కు, నాలుగో పాదానికి లంకె లేదు. గోపురం 1372కే పూర్తయింది. మరి మీరు ఆపించిన "కట్టుట" ఏది?

పూరణకర్త: కాంక్రీటు పోయడం కూడా కట్టడమే అనుకున్నానండీ.

సమీక్ష: అయితే ఆ ముక్క పద్యంలోనే ఉండాలి, మన మనసులో ఉంటే చాలదు.

పూరణకర్త: రాత్రంతా ఆ ఒక్క పాదం తోనే గడిచింది. టెన్షన్‌గానే పంపుతున్నాను. మూడో పాదం ఇలా:

పోయుటను మాని తీయుటె పుణ్యమయ్యె

సమీక్ష: ఇప్పుడు లంకె పడింది. "పోయుట"కీ "తీయుట"కీ మధ్య "మాని" సరిగ్గా కూర్చుంది, "పో–పు" యతి నిక్కచ్చిగా ఉంది. పాత పాదం తీసేసి దీన్నే ఉంచుతున్నాను.

రెండో విరామం మీద ఇంకా ఎవరూ రాయలేదు. ఏడో అంతస్తు దగ్గర పని మళ్ళీ చాలా ఏళ్ళు ఆగింది. 1284లో మెలోరియా దగ్గర సముద్రయుద్ధంలో పీసా నౌకాబలం పోటీ నగరం జెనోవా చేతిలో ఓడిన కాలం అది. ఆదివారం దాకా గడువుంది.