‘ఎల్ సేసర్ దెల్ బోక్సెయో’: సేసర్ బిరుదా, పేరా?

ఛందోభిమాని: మెక్సికో బాక్సర్ హూలియో సేసర్ చావెస్‌కి వాడే ‘ఎల్ సేసర్ దెల్ బోక్సెయో’ (బాక్సింగు సీజర్) నోట్లో నానుతూనే ఉంది. దీనికి ముందో వెనకో ఇంకో మాట ఉండాలి, తట్టడం లేదు. ఇందులో సేసర్ బిరుదా, ఆయన మధ్యపేరేనా? హువాన్ మాన్యుయెల్ మార్కెస్, మార్కో ఆంతోనియో బరేరా, హోసే లూయిస్ కాస్తియో... ఈ బాక్సర్లెవరికీ మధ్యపేరు వదలరెందుకు?

రింగుపక్క: మధ్యపేరు అనుకోవడంలోనే చిక్కుంది. మెక్సికో జనన పత్రంలో పేరు, మొదటి ఇంటిపేరు, రెండో ఇంటిపేరు అని మూడు గళ్ళు. ‘హూలియో సేసర్’ మొత్తం మొదటి గడిలోదే. పూర్తిగా రాస్తే చావెస్ గొన్సాలెస్: మొదటిది తండ్రిది, రెండోది తల్లిది. కొడుకూ హూలియో సేసర్ చావెసే, కాకపోతే చావెస్ కర్రాస్కో. అమెరికా పోస్టర్ మీద తల్లి ఇంటిపేరు ఎగిరిపోతుంది కాబట్టి ‘జూనియర్’ తగిలించారు. మిగిలిన మూడు మాటల్లో నడిమిది ఇంగ్లీషు అలవాటున్న కంటికి మధ్యపేరైపోయింది.

దీర్ఘం: ఆ మాట నిజం. కానీ ‘సేసర్’ కాదు, ‘సెసర్’. స్పానిష్ అచ్చుల్లో హ్రస్వదీర్ఘ భేదం లేదు. మీ చెవికి దీర్ఘంలా తోచేది ఊనిక, అంటే ఒత్తి పలకడం. రకారంతో ముగిసే మాటకు ఊనిక మామూలుగా చివరి అక్షరం మీద పడుతుంది. ఇక్కడ మొదటి దాని మీద పడింది కనకే ఆ అచ్చు నెత్తిన గీత పెడతారు.

ఛందోభిమాని: మరి ఆ ఊనికను తెలుగులో దేనితో చూపాలండీ? ‘సెసర్’ అని రాస్తే పొల్లు వల్ల రెండో అక్షరం గురువవుతుంది, మొదటిది లఘువు. బరువంతా తప్పు చోట పడుతుంది. దీర్ఘమే నయం.

యతిమైత్రి: ఊనిక దగ్గరే అసలు జవాబుంది. జంటపేర్లలో మొదటిదాని ఊనిక సడలి, రెండూ ఒకే ఊపులో వస్తాయి. హోసే లూయిస్ నోట్లో ‘హోసెలుయీస్’. ప్యూర్టోరికో ఫెదర్‌వెయిట్ చాంపియన్ హువాన్ మాన్యుయెల్ లోపెస్ అందరికీ ‘హువాన్మా’. ముద్దుపేరే రెండింటినీ కలిపి పుట్టిందంటే, అది ఒక్క పేరనే కదా!

ఇంకొకటి. మెక్సికో పౌరుల గుర్తింపు సంకేతం ‘కుర్ప్’లో 18 స్థానాలు. నాలుగోది పేరులోని తొలి అక్షరం. జంటపేరు హోసేతోనో మరియాతోనో మొదలైతే మాత్రం దాన్ని దాటేసి రెండోపేరు అక్షరం తీసుకుంటారు. హోసే లూయిస్‌కి అక్కడ పడేది L అక్షరం. ఇంతమందికున్న హోసే మనిషిని పట్టివ్వడు. మన వెంకట సుబ్బారావు సుబ్బారావు గారైనట్టే. హువాన్‌కి మాత్రం ఈ మినహాయింపు లేదు.

రింగుపక్క: అందరికీ అది అతకదండీ. ప్యూర్టోరికో బాక్సర్ మిగెల్ ఆంహెల్ కోత్తో అమెరికాలో వట్టి మిగెల్ కోత్తో. అర్జెంటీనా బాక్సర్ మోన్సోన్ పూర్తి పేరు కార్లోస్ రోకే, ఆ రోకే వినపడేదే తక్కువ. మెక్సికో బాక్సర్ ‘కానెలో’ అసలు పేరైతే సాంతోస్ సౌల్ ఆల్వరెస్ బర్రగాన్. ఆయనకు మొదటి పేరే రాలిపోయింది. ఇంటిపేరు లోపెస్, మార్తీనెస్ లాగా చాలామందికి ఉండేదైతే జంటపేరు నిలుస్తుందని నా లెక్క.

యతిమైత్రి: చిలీ కవి నెరూదాకీ అంతే. పుట్టుపేరు రికార్దో ఎలియేసెర్ నెఫ్తాలీ రేయెస్ బసోఆల్తో. ఇంట్లో రికార్దో కాదు, నెఫ్తాలీ. పాబ్లో నెరూదా చట్టరీత్యా పేరైంది 1946లో. అంత సంగీతమున్న ‘నెఫ్తాలీ’ని ఎలా వదులుకున్నాడో!

దీర్ఘం: నెరూదా కంటే స్పెయిన్ కవి లోర్కా మంచి ఉదాహరణ. ఫెదెరికో గార్సియా లోర్కాలో గార్సియా మధ్యపేరు కాదు, తండ్రి ఇంటిపేరు. లోర్కా తల్లిది. గార్సియాలు కొల్లలు కాబట్టి జనం లోర్కా అన్నారు. గ్రంథాలయ పట్టికలో ‘గా’ కింద వెతకాలి. ‘లో’ దగ్గర వెతికి పుస్తకం లేదనుకుంటారు.

ఛందోభిమాని: ఇంతకీ నాకు తట్టని ఆ ఇంకో మాట?

రింగుపక్క: ‘ఎల్ గ్రాన్ కాంపియోన్ మెహికానో’ (మెక్సికో మహా చాంపియన్) అయ్యుంటుంది. అది విడి బిరుదు. ఇక సేసర్ అంటారా, హూలియో సేసర్ అంటేనే స్పానిష్‌లో జూలియస్ సీజర్. పేరు రోము నుంచి జంటగానే దిగింది, బిరుదు అందులోంచి తీశారు.

ఛందోభిమాని: అయితే బిరుదే!

యతిమైత్రి: పేరే. ముందు పుట్టింది అదే కదా.

దీర్ఘం: ‘కాంపియోన్’లో ఊనిక చివరిదే. పొల్లుతో ఎలాగూ గురువవుతుంది, అక్కడ ఓత్వానికి దీర్ఘం దేనికి?