అప్‌డేట్: జపాన్‌లో కారు నడపడానికి ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) వచ్చింది

మన లైసెన్స్‌తో జపాన్‌లోని హొక్కైడో దీవిలో కారు నడపొచ్చా అని ఇక్కడ అడిగాను కదా, ఐడీపీ లేకుండా కుదరదని చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్. మీ మాట విని ఉండకపోతే ఎయిర్‌పోర్టులోనే ఆగిపోయేవాళ్లం.

పాస్‌పోర్టు, వీసా, టికెట్, ఐడీపీ దరఖాస్తు ఫారం 4ఏ, వెయ్యి రూపాయల ఫీజు, ఇవన్నీ సిద్ధంగానే ఉన్నాయి. చిక్కు పేరు దగ్గర వచ్చింది. లైసెన్స్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఆర్టీవో ఆఫీసు కౌంటర్‌లో ఉన్నాయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి వెనక్కి ఇచ్చేశారు. ముందు లైసెన్స్‌లో పేరు మార్పించుకుని మళ్లీ దరఖాస్తు పెట్టాను, ప్రయాణం దగ్గర పడుతుంటే ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు. మనవాళ్లలో చాలామందికి ఇదే ఇబ్బంది ఉంటుంది, దయచేసి ఈరోజే ఒకసారి రెండూ తీసి చూసుకోండి.

హొక్కైడోలోని షిన్ చితోసె ఎయిర్‌పోర్టులో కారు అద్దెకిచ్చే అమ్మాయి ఐడీపీ పుస్తకం తెరవకముందే అట్ట మీద 1949 అన్నచోట వేలు పెట్టి చూసింది. జపాన్ 1949 జెనీవా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం ప్రకారం ఇచ్చిన ఐడీపీనే ఒప్పుకుంటుంది, మనది అదే. ఒరిజినల్ లైసెన్స్, పాస్‌పోర్టు కూడా అడిగింది. ఆన్‌లైన్‌లో డబ్బులు తీసుకుని 'ఇంటర్నేషనల్ లైసెన్స్' అని అమ్మే కార్డులు అక్కడ చెల్లవు, వాటి జోలికి పోవద్దు.

అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి, అది హాయి. కానీ రైల్వే గేటు తెరిచి ఉన్నా ప్రతిసారీ పూర్తిగా ఆగి, అటూఇటూ చూసుకునే దాటాలి. ఐడీపీ ఏడాది వరకే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా తీసుకోకండి.