చర్చ: "నాకు రక్షణ (పాపాల నుంచి విడుదల) ఉంది" అనడం ధైర్యమా, గర్వమా? (పెద్దమ్మ ప్రభు భోజనం మానేసింది)

పల్నాటి కుర్రాడు:
అందరికీ వందనాలు. మా పెద్దమ్మకి అరవై దాటాయి. పుట్టు లూథరన్, అంటే సంస్కర్త మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ సంఘం. పసిపిల్లప్పుడే చిలకరింపు బాప్తిస్మం, తర్వాత విశ్వాసం తన నోటితో ఒప్పుకునే కన్ఫర్మేషన్, ఆపైన ఒంట్లో బాగుంటే గుడి మానిన ఆదివారం లేదు. ఈ మధ్య ఫోన్లో ఒకాయన ప్రసంగాలు వింటోంది. పేరు చెప్పను. "పసితనంలో ఇచ్చింది బాప్తిస్మమే కాదు, ఒప్పుకోని పాపం ఒక్కటి మిగిలినా నరకమే" అంటాడాయన. అప్పట్నుంచి రూళ్ళ నోట్‌బుక్‌లో పాపాలు రాసుకుంటోంది. నేను చూశాను. "1984. అత్తగారి మీద కోపం." "కూరగాయలామె చిల్లర ఎక్కువిచ్చింది, తిరిగివ్వలేదు." నిద్ర లేదు. మూడు నెలలుగా గుడిలో ప్రభు భోజనం (రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవడం లేదు. "ఒకసారి రక్షణ వస్తే ఇక పోదు పెద్దమ్మా" అన్నాను. "అది నీకెవరు చెప్పార్రా?" అంది. నోరు పెగల్లేదు. నేనన్నది నిజమేనా? ఈమెకి ఎలా చెప్పాలి?

నరసాపురం బాబాయ్:
నిజమే బాబూ. "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అన్నాడు ప్రభువు, యోహాను 10:28. మొదటి యోహాను 5:13 కూడా చూడు. నిత్యజీవం ఉందని "తెలిసికొనునట్లు" రాస్తున్నానన్నాడు, ఆశపడునట్లు అనలేదు. అయితే బాప్తిస్మం సంగతిలో ఆ బోధకుడు చెప్పింది సగం కరెక్టే. నమ్మినవాడికే బాప్తిస్మం. 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు ఓడ దిగినప్పట్నుంచి మా బ్రదరిన్ సంఘాలు చెప్పేది ఇదే.

మెథడిస్టు మనవడు:
బాబాయ్, "ఒకసారి వస్తే ఇక పోదు" అనే ఆ నినాదం నాకు భయం. మా బంధువొకాయన రోజూ తాగొచ్చి ఇంట్లోవాళ్ళని కొడుతూ, "నాకు 90లోనే రక్షణ వచ్చేసింది" అనేవాడు. విశ్వాసం నుంచి తప్పిపోయేవాళ్ళకి హెబ్రీ 6వ అధ్యాయం హెచ్చరిక ఊరికే రాయలేదు కదా. కానీ ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. రేపు నేను పడిపోగలనా అన్నది ఒకటి. ఈ రోజు నేను ఆయనవాడినేనా అన్నది ఇంకొకటి. మా మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ మొదటిదానికి "పడిపోవచ్చు" అన్నాడు. అయినా పదేళ్ళు పాదిరిగా ఉండి, అమెరికాలో మిషనరీగా చేసి తిరిగొచ్చాక, 1738 మే 24న లండన్‌లో ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతుంటే రెండోదానికి జవాబు దొరికింది. తన పాపాలు, తనవే, పోయాయన్న నిశ్చయం కలిగిందని రాసుకున్నాడు. పెద్దమ్మ అడుగుతున్నది ఈ రెండోది.

రెండంచుల ఖడ్గం:
ఇంత మెత్తదనం దేనికి? దుర్బోధకుడి పేరు పెట్టండి, వీడియో లింకు పెట్టండి, ఉతికి ఆరేద్దాం. ఆవిడ ఫోన్లోంచి ఆ ఛానల్ తీసేయండి.

పాత చర్చి గంట:
ఖడ్గం గారూ, ఫోన్ లాక్కుంటే భయం పోతుందా? ఆయన్ని ఇక్కడ ఉతికితే మనకి హాయి, ఆవిడకి ఇంకో రాత్రి జాగారం. తాను నమ్మినవాణ్ణి తిడితే మనిషి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అపొస్తలుల కార్యాల్లో అపొల్లో అనే బోధకుడు సగం తెలిసి ప్రసంగిస్తుంటే ప్రిస్కిల్ల, అకుల సమాజమందిరంలో లేచి తప్పు పట్టలేదు. అతన్ని చేర్చుకొని విడిగా విశదపరిచారు.

కుర్రాడా, మీ పెద్దమ్మ లూథరన్ కదా, లూథర్‌ కథే చెప్పు. ఆయనకీ ఇదే బాధ. 1505లో ఎర్ఫర్ట్ మఠంలో చేరాక గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు. బయటికొచ్చాక ఇంకోటి గుర్తొచ్చేది, మళ్ళీ పరుగు. పెద్దగురువు స్టౌపిట్జ్ విసిగిపోయి, నిన్ను నువ్వు తవ్వుకోవడం ఆపి క్రీస్తు గాయాలవైపు చూడమన్నాడు. అదే లూథర్ 1529లో పెద్ద కాటికిజం అనే తన బోధ పుస్తకంలో, మనస్సాక్షి పీడించినప్పుడు "అయినా నేను బాప్తిస్మం పొందినవాణ్ణి" అని చెప్పుకోమని రాశాడు. సరిగ్గా ఆ మాటనే ఆ ఫోన్ ప్రసంగం ఆమె దగ్గర్నుంచి లాగేసింది. లిస్టు తప్పని వాదించకు. దానికి చివరి పేజీ లేదని చూపించు. కీర్తన 19:12 చాలు.

నరసాపురం బాబాయ్:
బాప్తిస్మం మీద మీతో ఏకీభవించను గంట గారూ, ఎప్పటికీ. కానీ నిద్రలేని మనిషి దగ్గర ఆ పంచాయితీ ఇప్పుడు వద్దు. అంతవరకు ఒప్పుకుంటాను.

ఫాతిమా వీధి:
కథోలికురాలిని. మా బిషప్పుల ట్రెంట్ మహాసభ 1547లో, ప్రత్యేక ప్రత్యక్షత లేకుండా చివరిదాకా నిలుస్తానని తిరుగులేని నిశ్చయంతో చెప్పుకోకూడదంది. మేం దాన్ని నిరీక్షణ (ఆశ) అంటాం. అయినా ఇలా పాపాల లెక్క వదలనివాళ్ళకి మా ఫాదర్లు చెప్పే మాట, ఒకసారి ఒప్పుకున్నది మళ్ళీ తవ్వకు అనే. ఇంకోమాట, మూడు నెలల నిద్రలేమి అంటున్నారు. డాక్టర్‌కీ చూపించండి, అది అవిశ్వాసం కాదు.

మెథడిస్టు మనవడు:
సిస్టర్‌కి ప్లస్ వన్.

పల్నాటి కుర్రాడు:
నిన్న ఊరెళ్ళాను. బోధకుడి ఊసెత్తలేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాం. నోట్‌బుక్ తనే తెచ్చింది. 37 పేజీలు. "ఇంకా ఉన్నాయిరా, గుర్తు రావట్లేదు" అని ఏడ్చింది. అప్పుడు దావీదు రాసిన ఆ కీర్తన చదివాను. "తన పొరపాటులు కనుగొనగలవాడెవడు? నేను రహస్యముగా చేసిన తప్పులు క్షమించి నన్ను నిర్దోషినిగా తీర్చుము." చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే దావీదుకి కూడా గుర్తు రాలేదా?" అంది.

లూథర్ సంగతి చెబితే నవ్వింది. "అంతటోడు కూడానా!" ఆ ప్రసంగాలు ఇంకా వింటోంది, అబద్ధం చెప్పను. డాక్టర్ దగ్గరికి మాత్రం శుక్రవారం వస్తానంది. నోట్‌బుక్ చించలేదు. దాన్ని తిరగేసి, వెనక పేజీ నుంచి పాల లెక్క రాసుకుంటోంది. ప్రభు భోజనం ఉండే మొదటి ఆదివారానికి ఇంకా పది రోజులుంది.