కొంగజపం చేసే కొంగ ఏది?

ఒక సందేహం. మొన్న ఆదివారం పొద్దున్నే మా అమ్మాయిని తీసుకుని చెన్నైలోని పళ్ళికరణై చిత్తడి నేలకు వెళ్ళాను. ఉండేది వేళచ్చేరిలోనే, అయినా బైనాక్యులర్స్ పట్టుకుని వెళ్ళడం ఇదే మొదలు. కొంగజపం అంటే ఏమిటో దానికి కళ్ళారా చూపిద్దామని నా ఉబలాటం. తీరా చూస్తే ఆ తెల్లకొంగ ఒక్కచోట నిలబడితే కదా! నల్ల కాళ్ళు, పసుప్పచ్చ పాదాలు. ఒక పాదం బురదలో పెట్టి గజగజ వణికిస్తోంది. చేపపిల్ల బెదిరి కదలగానే ముక్కున కరుచుకుని మళ్ళీ పరుగు. "నాన్నా, ఇది జపం కాదు, డాన్స్" అంది మా అమ్మాయి. మరి మన పెద్దవాళ్ళు ఏ కొంగను చూసి ఆ మాట అన్నట్టు?

వ్యాఖ్య: మీరు చూసింది చిన్న తెల్లకొంగ అండీ. నల్ల ముక్కు, పసుపు పాదాలు చూస్తే చాలు, ఇంకేం అక్కర్లేదు. దానికి జపం చేసేంత ఓపిక తక్కువ. జపం చేసేది గుడ్డికొంగ. గట్టు మీద మట్టిరంగులో, మెడ భుజాల్లోకి లాక్కుని కూర్చుంటుంది. నాలుగడుగుల దూరంలోకి వెళ్ళినా కదలదు, కళ్ళు లేవేమో అనిపిస్తుంది, అందుకే ఆ పేరు. తమిళంలోనూ కురుట్టు కొక్కు అనే అంటారు, అదే అర్థం. తీరా ఎగిరిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని రెండు పక్షులుగా నోట్‌బుక్‌లో రాసుకున్నాను!

వ్యాఖ్య: గుడ్డికొంగ ఒక్కదానికే ఎందుకు కట్టబెడతారు? సంస్కృతంలో బకధ్యానం ఉండనే ఉంది. బూడిదరంగు పెద్ద కొంగ గంటల తరబడి నీళ్ళలో నిలబడుతుంది. దాన్ని నారాయణపక్షి అంటారు, పేరులోనే జపం! (తమిళంలో దీని జాతిని నారై అంటారు. మన నారాయణుడు అక్కణ్ణుంచే దిగాడని నా అనుమానం.) ఇక ఎర్రటి పాములాంటి మెడతో రెల్లులో దాక్కునే దాన్ని పాముల నారిగాడు అన్నారు. ఇన్ని పేర్లు పెట్టుకుని, బడి పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి అన్నిటినీ కలిపి కొంగ అనేశాం. తెల్లనివన్నీ పాలే అయిపోయాయి.

వ్యాఖ్య: ఇక్కడ ఆఫీసులో ఒకసారి నాకు భలే అయింది. మీటింగులో నోరు మెదపకుండా కూర్చుని, చివర్లో మంచి ప్రాజెక్టు కొట్టేసిన తమిళ మిత్రుడితో "నీది కొక్కు జపం రా" అన్నాను, ఎగతాళిగానే. వాడు మురిసిపోయి థాంక్స్ చెప్పాడు! తమిళుల నీతి గ్రంథం తిరుక్కురళ్‌లో 490వ పద్యం అదేనట: సమయం రానప్పుడు కొంగలా ముడుచుకుని ఉండు, వచ్చినప్పుడు అది పొడిచినట్టు పొడువు. రాజుకు చెప్పిన నీతి. అదే కొంగ మనకు దొంగ సన్యాసి. మనం చేపల తరఫున మాట్లాడుతున్నాం, వాళ్ళు కొంగ తరఫున. ఆ కొక్కు మనకు పరాయిదీ కాదు, పాత తెలుగులో కొక్కెర ఉంది, కన్నడంలో కొక్కరె ఉంది.

వ్యాఖ్య: జపం సంగతి పక్కన పెట్టి, పాపకు ఇంకోటి కూడా చూపించండి. ఎగిరేటప్పుడు మెడ ముడుచుకుంటే అది ఈ కొంగల కుటుంబం. మెడ చాచి ఎగిరితే వేరే కుటుంబం, మన పేపర్లు సైబీరియా కొంగలని రాసేవి చాలావరకు అవే. పాపం, వాటిలో ఎక్కువ భాగం ఇక్కడ పుట్టి ఇక్కడే బతికేవి! పెద్ద తెల్లకొంగకు నోటి గీత కంటి వెనక్కి వెళ్తుంది, మధ్యరకం దానికి కంటి కిందే ఆగుతుంది. గేదెల వెంట తిరిగేదానికి పొట్టి మెడ, పసుపు ముక్కు. గుడ్లు పెట్టే కాలంలో దాని తల నారింజ రంగులోకి వస్తుంది.

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం మా వీధి చివర వాననీటి కాలువ గట్టు మీదే గుడ్డికొంగ కనిపించింది. మా అమ్మాయి చెప్పులు విప్పి మరీ దగ్గరికి వెళ్ళింది. రెండు బారల దూరం దాకా రానిచ్చి, "క్వాక్" మని తిట్టి, తెల్లగా ఎగిరిపోయింది. "జపం పాడు చేశాను" అని దాని దిగులు. ఇంతకీ ఆ పసుపు పాదాల డాన్సర్‌కు మీ ఊళ్ళలో విడిగా ఏదైనా పేరుందా?