కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీ కెమికల్ ఇంజనీరింగ్‌కి ట్రాన్స్‌ఫర్: రెండేళ్లలో అవుతుందా?

కొత్తబీకరు:
కాలిఫోర్నియాలో క్వార్టర్ పద్ధతి (వేసవి కాక ఏడాదికి ఫాల్, వింటర్, స్ప్రింగ్ అని మూడు టర్ములు) ఉన్న కమ్యూనిటీ కాలేజీలో ఈ ఫాల్‌లో చేరుతున్నాను, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద. రెండేళ్లయ్యాక యూసీలో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) కెమికల్ ఇంజనీరింగ్ జూనియర్‌గా, అంటే మూడో ఏడాదిలో, చేరాలని ప్లాను. మొదటి క్వార్టర్‌కి ఇంగ్లిష్, హిస్టరీ, కాల్క్యులస్ తీసుకుని, కెమిస్ట్రీ వింటర్‌లో మొదలుపెడదామనుకుంటున్నా. కాల్-జెట్సీ (ట్రాన్స్‌ఫర్ కోసం పెట్టిన జనరల్ ఎడ్యుకేషన్ కోర్సుల జాబితా) పూర్తిచేస్తే చాలని కొందరంటున్నారు, నిజమేనా? ఇంకో సంగతి, ట్రాన్స్‌ఫర్ అయ్యాక కూడా రెండేళ్లలో బయటపడలేరని విన్నాను. ఎందుకలా?

పాతబాయిలరు:
కెమిస్ట్రీని వింటర్‌కి తోయకండి. హిస్టరీని తోయండి.

లెక్క వేసి చూడండి. క్వార్టర్ కాలేజీలో జనరల్ కెమిస్ట్రీ మూడు క్వార్టర్లు. అది పూర్తయితే గాని ఆర్గానిక్ మొదలవ్వదు, అదింకో మూడు. మొత్తం ఆరు. వేసవులు పక్కనపెడితే రెండేళ్లలో మీ చేతిలో ఉన్నవీ ఆరే. ఒక్కటి జారినా చివరి ఆర్గానిక్ క్లాసు ట్రాన్స్‌ఫర్ వేసవిలో పడుతుంది. యూసీ బర్కిలీ లాంటి చోట తప్పనిసరి కోర్సులు స్ప్రింగ్ చివరికల్లా అయిపోవాలి, ఆ వేసవిని లెక్కలోకి తీసుకోరు. జనరల్ కెమిస్ట్రీకి ముందు ప్రిపరేటరీ కోర్సో ప్లేస్‌మెంటో అడిగితే, అది ఫాల్‌కి ముందే తేల్చేసుకోండి.

లెక్కల వైపూ ఇదే వరస. కాల్క్యులస్ మల్టీవేరియబుల్ దాకా, ఆపైన డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా. ఫిజిక్స్ కాల్క్యులస్ మీద ఆధారపడినదే కావాలి. మెకానిక్స్, విద్యుత్తు-అయస్కాంతత్వం ఎలాగూ తప్పవు. ఒక ప్రోగ్రామింగ్ కోర్సు కూడా ఉంటుంది, అది మాట్‌లాబా, పైథానా, సీ++నా అన్నది క్యాంపస్‌ని బట్టి.

ఇక కాల్-జెట్సీ. 2025 ఫాల్ నుంచి చేరేవాళ్లకి పాత జాబితా ఐజెట్సీ స్థానంలో వచ్చింది ఇదే. సైన్సు, ఇంజనీరింగ్ మేజర్లకి దాని వెంటపడటం తెలివైన పని కాదు. మేజర్ కోర్సులు సగంలో ఆగి జనరల్ ఎడ్యుకేషన్ మొత్తం నిండిన ఫైలు చూసి ఏ ఇంజనీరింగ్ విభాగమూ ముచ్చటపడదు. అయితే యూసీ కనీస అర్హత ఏడు కోర్సులు మాత్రం వదలొద్దు: ఇంగ్లిష్ కాంపోజిషన్ రెండు, గణితం ఒకటి, మిగతా నాలుగు కళలు-మానవీయ శాస్త్రాలు, సామాజిక శాస్త్రాలు, సైన్సు అనే మూడింటిలో కనీసం రెండు రంగాల నుంచి. గణితం, సైన్సు మీకు ఎలాగూ నిండుతాయి. మొత్తమ్మీద 90 క్వార్టర్ యూనిట్లు ఉంటేనే జూనియర్ హోదా.

లెక్కలపుస్తకం:
పైన చెప్పినదంతా అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో (ఏ కాలేజీ కోర్సు ఏ క్యాంపస్ కోర్సుకి సమానమో చూపించే సైటు) మీ కాలేజీ పేరు, క్యాంపస్ పేరు, సంవత్సరం పెట్టి సరిచూసుకోండి. ఒక్క క్యాంపస్ పేజీ చూసి ఊరుకోవద్దు. ఆర్గానిక్ ముందే కావాలా, చేరాక చదవొచ్చా అన్నది చోటుచోటుకీ మారుతుంది. బర్కిలీలో కెమికల్ ఇంజనీరింగ్ ఉండేది కాలేజ్ ఆఫ్ కెమిస్ట్రీలో, ఇంజనీరింగ్ కాలేజీలో కాదు. ఇంజనీరింగ్ కింద వెతికితే దొరకదు. "సమానమైన కోర్సు లేదు" అని రాసి ఉన్న వరుసలన్నీ గుర్తుపెట్టుకోండి, చేరాక మీ మీద పడే బరువు అదే.

సిరీస్‌ని మధ్యలో విరగ్గొట్టొద్దు. డి ఆంజా, ఫుట్‌హిల్ క్వార్టర్ కాలేజీలు. చుట్టుపక్కల చాలావరకు సెమిస్టర్‌వే. ఇక్కడ రెండు క్వార్టర్ల కెమిస్ట్రీ చదివి మిగతాది సెమిస్టర్ కాలేజీలో పూర్తిచేద్దామంటే మధ్యలో కొన్ని పాఠాలు రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలు రావు. సిరీస్ మొత్తానికి కలిపి క్రెడిట్ ఇచ్చే చోట అది పేచీ అవుతుంది.

టాగ్ అనే గ్యారంటీ ఒప్పందం ఆరు క్యాంపస్‌లలోనే ఉంది: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. బర్కిలీ, లాస్ ఏంజెలస్, శాన్ డియేగో ఇవ్వవు. ఇచ్చేచోట కూడా ప్రతి మేజర్‌కీ ఉండదు, శాంటా బార్బరా ఇంజనీరింగ్ దానికి బయటే. ఒక్క క్యాంపస్‌కే, సెప్టెంబరు 1 నుంచి 30 లోపు పెట్టాలి. అసలు అప్లికేషన్ అక్టోబరు, నవంబరు నెలల్లో. అంటే రెండో ఏడాది మొదలవ్వకముందే క్యాంపస్‌ల జాబితా మీ దగ్గర ఉండాలి. సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వైపు శాన్ హోసే స్టేట్, లాంగ్ బీచ్, కాల్ పాలీ పొమోనాలనూ ఆ జాబితాలో ఉంచుకోండి.

టవర్‌టాప్:
ట్రాన్స్‌ఫర్ అయ్యాక రెండేళ్లలో ఎందుకు బయటపడలేరన్న రెండో ప్రశ్నకి జవాబు ఎవరూ చెప్పలేదు. కారణం ఒకే ఒక్క కోర్సు: మెటీరియల్ అండ్ ఎనర్జీ బ్యాలెన్స్, అంటే ప్లాంటులోకి వెళ్లే పదార్థం, శక్తి, బయటికొచ్చే వాటితో సరిపోయేలా లెక్క కట్టడం. బర్కిలీలో దాని నంబరు 140, డేవిస్‌లో 51. కమ్యూనిటీ కాలేజీల్లో ఇది దొరకడం అరుదు. థర్మోడైనమిక్స్, ట్రాన్స్‌పోర్ట్ (ద్రవాలు, వేడి, పదార్థాల ప్రవాహం), రియాక్టర్లు, సెపరేషన్స్, చివరి డిజైన్ ప్రాజెక్టు, అన్నీ దీని వెనకే క్యూ కడతాయి. అక్కడే నాలుగేళ్లుగా ఉన్నవాళ్లు దీన్ని చాలాచోట్ల రెండో ఏడాదే పూర్తిచేస్తారు, మీరు మూడో ఏడాది ఫాల్‌లో మొదలుపెడతారు. పై కోర్సులు ఏడాదికోసారే ఇచ్చే విభాగమైతే ఒక్క మెట్టు తప్పితే ఏడాది పోయినట్టే. అడ్మిషన్ రాగానే డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌ని ఒకటే అడగండి: "చేరబోయే ముందు వేసవిలో ఈ కోర్సు ఇస్తారా? లేకపోతే ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల ప్లాను ఏది?"

కోర్సులో దెబ్బతినేది గణితం దగ్గర కాదు, సమీకరణాలు లెక్కపెట్టడం దగ్గర. గంటకి 1000 కిలోల ఉప్పునీళ్లు, 10 శాతం ఉప్పు, ఎవాపరేటర్‌లోంచి 25 శాతంగా బయటికి రావాలి. ఉప్పు 100 కిలోలు ఎక్కడికీ పోదు, కాబట్టి చిక్కటి ద్రావణం 400, ఆవిరి 600. తెలియనివి రెండు, ఉప్పు బ్యాలెన్స్, నీటి బ్యాలెన్స్ రెండు, సరిపోయింది. మొత్తం బ్యాలెన్స్‌ని మూడో సమీకరణంగా లెక్కేస్తే తప్పు, అది ఆ రెండింటి మొత్తమే.

రీసైకిల్ వచ్చేసరికి అసలు గొడవ. అమ్మోనియాకి ఒకటికి మూడు నిష్పత్తిలో నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి 100 మోల్స్ తాజా ఫీడ్ ఇస్తున్నారు, రియాక్టర్‌లో ఒక్కసారికి 20 శాతమే మారుతుంది, మిగిలిందంతా వెనక్కి పంపుతున్నారు. స్థిరస్థితిలో వచ్చిన 100 మోల్స్ మొత్తం మారితీరాలి. ఆ 100 మోల్స్ 20 శాతం కావాలంటే రియాక్టర్‌లోకి వెళ్లేది 500, రీసైకిల్ 400, బయటికొచ్చే అమ్మోనియా 50. ఇప్పుడు ఫీడ్‌లో కాస్త ఆర్గాన్ ఉందనుకోండి. అది చర్యలో పాల్గొనదు, బయటికి దారీ లేదు, తిరుగుతూ పేరుకుపోతుంది. అందుకే పర్జ్, అంటే తిరిగే వాయువులో కొంత బయటికి వదిలేయడం. ఈ లెక్క పుస్తకం చూడకుండా వేయగలిగితే మొదటి మిడ్‌టర్మ్‌కి సగం సిద్ధమైనట్టే.

కొత్తబీకరు:
ఫాల్‌లోనే కెమిస్ట్రీ పెట్టేశాను, థాంక్సండీ. ఎఫ్-1 వాళ్లకి ట్రాన్స్‌ఫర్‌లో వేరే చిక్కులేమైనా ఉన్నాయా?

లెక్కలపుస్తకం:
ప్రతి క్వార్టర్ 12 యూనిట్లు తగ్గకూడదు. ఆ లెక్కలోకి ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే వస్తుంది. ల్యాబ్ కోర్సు డ్రాప్ చేస్తే ఒక్కసారిగా 12 కిందికి పడిపోతారు, కాబట్టి డ్రాప్ బటన్ నొక్కేముందు డీఎస్‌ఓతో (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) మాట్లాడండి.

ఏ యూనివర్సిటీకి వెళ్లాలో తేల్చుకున్నాకే సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు రిలీజ్ డేట్, అంటే మీ రికార్డు కొత్త యూనివర్సిటీకి మారే తేదీ, పెట్టించుకోండి. ఆ తేదీ దాటితే పాత కాలేజీ దాన్ని వెనక్కి తీసుకోలేదు, క్యాంపస్ ఉద్యోగం ఉంటే అదీ ఆ రోజుతో ఆగిపోతుంది. కొత్త ఐ-20 (ఎఫ్-1 హోదాకి కావాల్సిన పత్రం) యూనివర్సిటీ ఇస్తుంది, చదువు ఐదు నెలల్లోపు మొదలవ్వాలి. జూన్‌లో పూర్తిచేసి ఫాల్‌లో చేరేవాళ్లకి దీంతో ఇబ్బంది రాదు.