నయస్సోను నుంచి దావీదు దాకా తేదీలు ఎలా వేయాలి?

బైబిలు వంశావళులకు క్రీ.పూ. తేదీలతో ఒక చార్టు గీస్తున్నాను, రూతు గ్రంథం చివర ఉన్న జాబితా దగ్గర లెక్క అస్సలు కుదరడం లేదు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

రాజుల కాలం వరకు టెన్షన్ లేదు. కర్కర్ యుద్ధం గురించి చెప్పే అష్షూరు శాసనంలో ఇశ్రాయేలు రాజు అహాబు పేరు ఉంది, ఆ యుద్ధం క్రీ.పూ. 853, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ పోతే సొలొమోను పాలనలో నాలుగో ఏడు సుమారు 966 అవుతుంది. 1 రాజులు 6:1 ప్రకారం దానికి 480 ఏళ్లు కలిపితే నిర్గమం (ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచి రావడం) 1446. పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింతులో అదే చోట 440 ఉంది, అది ఇంకో తలనొప్పి.

సమస్యల్లా ఇదీ: నయస్సోను మోషే కాలంవాడు, అహరోనుకు బావమరిది. అతని తర్వాత శల్మాను, బోయజు, ఓబేదు, యెష్షయి, దావీదు, అంతే. దావీదు సుమారు 1040లో పుట్టాడనుకుంటే తండ్రికీ కొడుక్కీ మధ్య సగటున 80 ఏళ్లకు పైనే రావాలి! పోనీ తరానికి 30 ఏళ్లు వేద్దామంటే నయస్సోను పుట్టుకే 1190 దగ్గరికి వస్తుంది, కానీ సుమారు 1208 నాటి ఐగుప్తు రాజు మెర్నెప్తా శిలాశాసనంలో అప్పటికే కనాను దేశంలో ఇశ్రాయేలు పేరుంది, అంటే నిర్గమం అంతకు ముందే జరిగి ఉండాలి.

మధ్యలో పేర్లు వదిలేశారని నా అనుమానం, మత్తయి కూడా యెహోరాముకూ ఉజ్జియాకూ మధ్య ముగ్గురు రాజులను వదిలేశాడు కదా. అలాగైతే ఇలాంటి ఖాళీలున్న జాబితాకు తేదీలు ఎలా వేస్తారు? తరాల సగటు పక్కన పెట్టేసి శాసనాలనే పట్టుకోవాలా, లేక 480 అంటే 12 తరాలు × లాంఛనంగా 40 ఏళ్లు అనుకుని, తరానికి అసలు ఏళ్లు తక్కువే కాబట్టి మొత్తాన్ని తగ్గించాలా? "విశ్వసించండి చాలు" అనే జవాబులు వద్దండీ, లెక్క చూపించండి.